వెయ్యో రోజుకి పూయాలి

సురబాయ
24 జనవరి 1994

రెత్నోకి,

సలాం. క్షేమంగా చేరాం. మీ అన్నయ్య దారి పొడుగునా నా భుజం మీదే నిద్రపోయాడు కాబట్టి, నాకంటే ఆయన మరికాస్త క్షేమంగా చేరాడు. నువ్వు మూటగట్టి ఇచ్చిన ఆపిల్ పళ్ళు సగం బస్సులోనే అయిపోయాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. అత్తయ్య రెండో ఏటి విందు రోజున, వంటింట్లో ఆడవాళ్ళందరి ముందూ నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "మా వదిన అమ్మ ఆర్కిడ్‌ని తోటకూరలా పెంచుతోంది, ఆకులే ఆకులు!" అన్నావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆపెం అట్ల పిండి కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది, అది ఎవరూ చూడలేదు.

నీ మాటలో అబద్ధం లేదు. అత్తయ్య పోయిన నలభయ్యో రోజున ఆ కుండీ నా చేతిలో పెట్టావు. మీ పుజొన్ కొండ మీద ఏటా పూసిన మొక్క మా ఇంటికొచ్చాక ఒక్క పువ్వు పూయలేదు. అత్తగారు చివరిమాటగా ఇచ్చినదాన్ని కోడలు గొడ్డుచేసిందని చుట్టాలు అనుకుంటున్నారు. అనుకోనీ. నేను కుట్టుపని చేసుకు బతికేదాన్ని, సరిగా కూర్చోని కుట్టు విప్పి మళ్ళీ కుట్టడం నాకు కొత్తకాదు.

అందుకని పందెం. వెయ్యో రోజు నవంబరు అయిదు. ఆ రోజు సమాధికి రాయి నిలుపుతాం. అత్తయ్య పేరున చేసే పెద్ద విందు అదే ఆఖరు. ఆ రోజుకి ఈ ఆర్కిడ్‌ని పూలతో మీ గుమ్మంలోకి తెస్తాను. తేలేకపోతే కుండీ నీది, మళ్ళీ నోరెత్తను. మీ అన్నయ్య గునర్తోయే సాక్షి.

మూడు ప్రశ్నలకి జవాబు రాయి. అత్తయ్య దాన్ని ఎక్కడ పెట్టేది? నీళ్ళెలా పోసేది? ఏటా ఎన్ని పువ్వులు పూసేవి?

పంతం పట్టిన
మీ వదిన హర్తాతి

పుజొన్
9 ఫిబ్రవరి 1994

వదినా,

పందెం ఒప్పుకున్నాను. మీ వైపు సాక్షి ఉన్నాడు కదా, మా వైపు మా ఆయన సుయుద్.

నేను సరదాకి అన్నాను. నువ్వింత మనసులో పెట్టుకుంటావనుకోలేదు. పెట్టుకున్నావు గనక నేనూ దాచుకోను. ఆ కుండీ నాకు కావాలి. అమ్మ మంచాన పడ్డ రెండేళ్ళూ గిన్నె పట్టింది నేను, వీపు తుడిచింది నేను. నువ్వు పండక్కి కొత్త కెబాయా కుట్టి తెచ్చి, రెండు రోజులుండి వెళ్ళేదానివి. అమ్మ ఆ కెబాయా వచ్చినవాళ్ళందరికీ చూపించేది. తీరా చివర్లో "ఆర్కిడ్ హర్తాతికి ఇవ్వు" అంది. ఎందుకో చెప్పలేదు.

పొద్దుటి ఎండ పడే వంటింటి కిటికీలో పెట్టేది. వారానికోసారి బియ్యం కడుగు పోసేది. ఆకుల నడుమ నీళ్ళు నిలవనిచ్చేది కాదు. అంతే, ఇందులో మంత్రాలేమీ లేవు.

ఇక్కడ వానలు తగ్గలేదు. తోటలో కాయకి మచ్చ పడుతోంది.

రెత్నో

సురబాయ
3 ఏప్రిల్ 1994

నా బంగారు మరదలికి,

కూర్చుని చదువు. కాడ వేసింది!

నువ్వు చెప్పినట్టే చేశాను. మాకు తూర్పు కిటికీ లేదు కాబట్టి కుట్టుమిషన్ను పడకగదిలోకి తోయించి, ముందుగదిలో దాని స్థానం మొక్కకిచ్చాను. మీ అన్నయ్య మంచం ఎక్కాలంటే ఇప్పుడు మిషను దాటాలి. బియ్యం కడుగు తప్ప వేరే నీళ్ళు ముట్టించలేదు. పాత కుండీలో కుళ్ళినదంతా తీసేసి, బొగ్గు ముక్కలూ ఫెర్న్ పీచూ వేసి మార్చాను. నిన్న పొద్దున చూద్దును కదా, కింది ఆకు పక్కనుంచి వేలెడంత కాడ బయటికొచ్చింది!

పక్కింటి బు జువారియా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. తన ఆర్కిడ్ ఇరవై ఏళ్ళుగా పూయకుండా బతుకుతోందట, దాన్ని కూడా నా దగ్గరకి తెస్తానంది. మీ అన్నయ్యని నవంబరు బస్సుకి ఇప్పుడే టికెట్లు కొనమన్నాను. "ఇంకా అమ్మరు" అంటాడు. ఆయనకి ప్రతిదానికీ ఒక సాకు.

ఎన్ని పువ్వులు పూసేవో నువ్వు రాయలేదు. మర్చిపోయినట్టున్నావు. ఈసారి తప్పక రాయి, నేను లెక్క పెట్టుకోవాలి.

గెలుపు వాకిట్లో ఉన్న
హర్తాతి

పుజొన్
20 ఏప్రిల్ 1994

వదినా,

ఆలు లేదు చూలు లేదు, అప్పుడే టికెట్లా? వెళ్ళి ఆ కాడ కొస చూడు. పచ్చగా, చంటిపిల్ల మడిచిన గుప్పెటలా ఉంటే పూలకాడ. గుండ్రంగా, వెండి రంగులో నున్నగా ఉంటే వేరు. ఆర్కిడ్ వేళ్ళు గాల్లోకే పాకుతాయి. రెండేళ్ళు పెంచావు, ఇంకా తెలీదా!

మాకు ఇక్కడ ఊపిరాడటం లేదు. కాయ కోత అయిపోయింది, తోటలో ఆకు దూస్తున్నాం. సుయుద్, నేను, ఆరుగురు కూలీలు, పొద్దుట్నుంచీ చెట్టు చెట్టుకీ ఆకంతా చేత్తో దూసెయ్యడమే. చలిదేశాల్లో ఆపిల్ ఆకు దానంతటదే రాలుతుందట. మన దగ్గర రాలదు కాబట్టి మనమే రాల్చాలి. దూసిన నెలకల్లా చెట్టు నిండా పూత. "చెట్టుకి ముందు కాస్త భయం పెట్టాలి, అప్పుడే పూస్తుంది" అంటాడు సుయుద్. నా వేళ్ళకి పొక్కులొచ్చి కలం నిలవడం లేదు, ఇక్కడితో ఆపుతాను.

రెత్నో

సురబాయ
15 మే 1994

రెత్నోకి,

అది కాడ కాదు, వేరు. వెండి రంగులో, నున్నగా ఉంది. బు జువారియాకి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

సరే, ఓడిన చోట కూర్చుని ఏడిచే అలవాటు నాకు లేదు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి తెలిసింది నీ మనసు. పందెం కాసిన మనిషివి, నోరు తెరిచి చెప్పలేవు, అందుకని పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి చెప్పావు. "చెట్టుకి భయం పెట్టాలి." ఎంత మంచిదానివే!

మొన్న శుక్రవారం ప్రార్థనకి మీ అన్నయ్య మసీదుకి వెళ్ళగానే, బిస్మిల్లా అనుకుని ఆకులు దూశాను. ఆరింటిలో నాలుగు తీసేశాను. చాలా మందంగా ఉన్నాయి, తెగుతుంటే నా గుండె కూడా తెగింది. కానీ నీ మాట మీద నమ్మకంతో చేశాను. నెల అన్నావు, నెల చూస్తాను.

నీ మేలు మరవని
వదిన

పుజొన్
21 మే 1994

వదినా! ఏం చేశావు! అది ఆపిల్ కాదు. దానికున్న కూడూ నీళ్ళూ ఆ ఆకుల్లోనే ఉంటాయి. మిగిలిన రెండూ ముట్టుకోకు. తెగిన చోట దాల్చినచెక్క పొడి అద్దు. వారం రోజులు నీళ్ళు పోయకు, నీడలో పెట్టు. ఇప్పుడే ఆపిల్ లారీ డ్రైవరు చేతికిస్తున్నాను, పోస్టుకి ఆగలేను.

రెత్నో

సురబాయ
2 జూన్ 1994

గౌరవనీయులైన రెత్నో గారికి,

తమరి చీటీ అందింది. దాల్చినచెక్క పొడి అద్దాను. ఉన్న రెండాకుల్లో ఒకటి పసుపెక్కుతోంది. తమరు కోరుకున్నదే జరుగుతోంది, సంతోషించండి.

నేను పల్లె ఎరగను, తోట ఎరగను. ఇరుకు సందులో పుట్టి పెరిగినదాన్ని, మొక్కల సంగతి ఏం తెలుసు? తెలీకనే అడిగాను. జనవరి నుంచీ అడుగుతున్నాను. ఎన్ని పువ్వులు అని అడిగితే ఆపిల్ మచ్చల గురించి రాశారు. ఎలా పూయించాలి అని అడిగితే ఆకు దూయడం గురించి రాశారు. చేసిందంతా చేసి ఇప్పుడు "ముట్టుకోకు" అంటారా? మీ అన్నయ్య నా వంక చూసి నోరు మూసుకుని తిరుగుతున్నాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన అంత తెలివిగా మెలగడం ఇదే మొదటిసారి.

ఒక్కటి మాత్రం వినండి. ఇది చచ్చిపోతే చచ్చిపోయిందని మీకే ముందు చెబుతాను. బతికున్నంత వరకు నవంబరు అయిదు నవంబరు అయిదే. ఒక్కాకుతోనైనా పూయిస్తాను.

హర్తాతి

పుజొన్
14 జూన్ 1994

వదినా,

'గారు' అని రాసేంత కోపం రావడం న్యాయమే. ముందు నీకు రెండు నిజాలు చెప్పాలి, తర్వాత నీ ఇష్టం.

ఆకులు దూయమని నేను చెప్పలేదు, నా మనసులో ఆ ఊహ కూడా లేదు. కానీ నువ్వడిగినదానికి సరైన జవాబు రాయకుండా తోట కబుర్లతో కాగితం నింపాను. నువ్వు ఆ కబుర్లలోనే జవాబు వెతుక్కున్నావు. ఆ పాపం నాదే.

మొదటి నిజం. ఆ మొక్కకి చలి కావాలి. జూలై, ఆగస్టుల్లో ఇక్కడ దుప్పటి రెండు మడతలు కప్పుకున్నా వణుకే. ఆ రెండు నెలలూ అమ్మ వంటింటి కిటికీ మూయనిచ్చేది కాదు. నెలా నెలన్నర ఆ చలి తగిలితేనే అది పూలకాడ వేస్తుంది. మీ ఊళ్ళో ఏడాది పొడుగునా చెమటే. నువ్వు కుట్టుమిషను కాదు, మా అన్నయ్యనే బయటికి తోసి దానికి గది ఇచ్చినా పూయదు. ఇది నాకు కుండీ నీ చేతిలో పెట్టిన రోజునే తెలుసు. రెండేళ్ళు చూసి, విసిగి, నువ్వే తెచ్చిస్తావని ఊరుకున్నాను. నువ్వు విసిగే మనిషివి కాదని అప్పుడు తోచలేదు.

రెండోది. అమ్మ ఎందుకో చెప్పలేదని రాశాను. చెప్పింది. "ఇక్కడుంటే దానంతటదే పూస్తుంది రెత్నో, నువ్వు దాని వంకైనా చూడవు. హర్తాతికివ్వు, అది చూస్తుంది" అంది. రెండేళ్ళు కన్ను మూయకుండా చూసినదాన్ని పట్టుకుని 'చూడవు' అంది వదినా. ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ కసంతా నీ మీద చూపించాను.

మొక్కని పైకి పంపు. చలి మొదలవుతోంది. ఇప్పుడు తప్పితే ఈ ఏడాది లేదు. నమ్మమని అడిగే మొహం నాకు లేదు, అయినా అడుగుతున్నాను.

నీ మరదలు
రెత్నో

సురబాయ
28 జూన్ 1994

రెత్నోకి,

చాలా రోజులు జవాబు రాయలేదు. రాస్తే నిబ్బుకి కాగితం చిరిగేది. ఇప్పటికీ కోపం పోలేదు, కానీ కోపం కోసం చలికాలం ఆగదు కదా.

ఈ ఉత్తరంతో పాటు మీ ఆపిల్ లారీలో మొక్క వస్తోంది. పసుపెక్కిన ఆకు రాలింది. ఉన్న ఒక్కాకు గట్టిగా ఉంది, దాని పక్కన గోరంత కొత్తాకు తల ఎత్తింది. నేను నాలుగు పీకినా అది ఒకటి పెట్టిందంటే, దానికీ నాలాగే మొండితనం ఉందన్నమాట. డ్రైవరు పక్క సీట్లో, నా పాత శాలువా చుట్టి కూర్చోబెట్టాను. దారిలో టీ తాగడానికి దిగినా దాన్ని ఒంటరిగా వదలనని డ్రైవరు చేత ఒట్టు వేయించుకున్నాను.

బు జువారియా "చేపకి పిల్లిని కాపలా పెడుతున్నావు" అంది. నాకూ భయంగానే ఉంది, దాచను. పైకెళ్ళిన మొక్క పైనే ఉండిపోతుందేమోనని భయం. కావాలనుకున్నదాని చేతిలోనే పెడుతున్నాను, ఇంక నీ ధర్మం. అత్తయ్య వెయ్యో రోజుకి పువ్వు రావాలి. నా మాట నెగ్గాలన్నది దాని తర్వాతే.

పంతం మాత్రం వదలని
వదిన

పుజొన్
2 సెప్టెంబరు 1994

వదినా,

రెండు నెలలు రాయలేదు. నువ్వు రాసిన మూడు కార్డులూ అందాయి. మూడోదాంట్లో "బతికుందా" అని ఒక్క మాటే రాశావు.

బతికుంది. కాడ వేసింది. ఈసారి చంటిపిల్ల గుప్పెటే, నేనూ సుయుదూ నాలుగుసార్లు చూశాం. ఆగస్టు పదిహేడున, స్వాతంత్ర్య దినానికి వీధిలో పిల్లలు జెండా పట్టుకుని తిరుగుతుంటే కిటికీ తుడుస్తూ చూశాను. నీకు వెంటనే రాయాల్సింది. కాగితం తీసి రెండుసార్లు మడిచిపెట్టాను. ఇంట్లో మళ్ళీ అమ్మ మొక్కకి కాడ వచ్చిందన్న సంతోషం ఒక్కదాన్నే ఉంచుకోవాలనిపించింది. సిగ్గుగానే ఉంది, రాసేస్తున్నాను.

ఇప్పటికి నా చూపుడువేలంత పెరిగింది. ఈ చలిలో ఇది నత్త నడక. ఇక్కడే ఉంచితే మొగ్గ విచ్చేసరికి డిసెంబరు దాటుతుందని పువ్వుల నర్సరీ నడిపే మా పక్క తోటాయన చెప్పాడు. కాడ వేయడానికి చలి కావాలి గానీ, వేసిన కాడ త్వరగా పూయాలంటే వేడి కావాలట. ఆయన మొక్కలూ పూసేముందు కిందికే దిగుతాయట. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించిన మీ పొయ్యిలాంటి ఇల్లే ఇప్పుడు దానికి గతి.

కాబట్టి తీసుకొస్తున్నాను. లారీ మీద నమ్మకం లేదు. ఆదివారం బస్సులో నేనే ఒళ్ళో పెట్టుకుని వస్తాను. కాడకి వెదురుపుల్ల కట్టాను, చుట్టూ పాత పేపర్లు చుట్టాను. నీ శాలువా ఉతికాను.

అన్నయ్యని రావొన్ వండమను, నువ్వు వండితే ఉప్పెక్కువ.

రెత్నో

సురబాయ
20 అక్టోబరు 1994

రెత్నోకి,

గబగబా నాలుగు ముక్కలు రాస్తున్నాను, పెళ్ళి కెబాయాలు మూడు కుట్టాలి. మొదటి మొగ్గ ఈ పొద్దున విచ్చింది. ఒక రెక్క తెరిచి, ఎండ పడేదాకా ఆలోచించి, మిగతావి తెరిచింది. తెల్లగా ఉంది. నేను ఏడవలేదు. మీ అన్నయ్య ఏడిచాడు, మిషను దగ్గర దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు.

ఎన్ని మొగ్గలో చెప్పను. వచ్చినప్పుడు చూద్దువుగాని. నాలుగో తారీకు పొద్దుటి బస్సుకి బయల్దేరుతాం. ఆపెం పిండి నేను వచ్చేదాకా కలపకు, నీ చేత్తో అది పొంగదు.

టికెట్లు ఇప్పుడు నిజంగా కొన్న
హర్తాతి

పుజొన్
9 నవంబరు 1994

వదినా,

ఇల్లంతా ఖాళీగా ఉంది. అప్పు తెచ్చిన చాపలు ఇచ్చేశాం, పెద్ద గుండిగలు తోమాం. అన్నయ్య మోసిన సమాధి రాయి కొంచెం వాలింది, సుయుద్ మట్టి వేసి సరిచేశాడు.

నువ్వు పువ్వుల కుండీ పట్టుకుని బస్సు దిగినప్పుడు పిన్నత్తల మొహాలు చూశావా? నేను చూశాను. "మా వదిన పూయించింది" అని అందరికంటే ముందు నేనే అన్నాను. అది నువ్వు వినలేదేమో, సామాన్లు దింపుతున్నావు.

కానీ ఇంత మతిమరుపేమిటి? బస్సు వెళ్ళిపోయాక వంటింట్లోకి వస్తే కుండీ కిటికీలోనే ఉంది! పందెం నువ్వు గెలిచావు, అది నీది. శనివారం లారీలో పంపనా, లేక నన్నే మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని రమ్మంటావా?

రెత్నో

సురబాయ
16 నవంబరు 1994

రెత్నోకి,

మర్చిపోలేదు. మీ అన్నయ్యని మర్చిపోయి వస్తానేమో గానీ దాన్ని మర్చిపోతానా? కావాలనే పెట్టొచ్చాను.

నీకు ఒక మాట చెప్పాలి. విందు రోజు చెబుదామంటే ఆపెం అట్ల పొగలో కుదరలేదు. అత్తయ్య మాట తప్పని నేననను, చనిపోయినావిడతో వాదించకూడదు. కానీ నువ్వు కిటికీ వైపు చూడలేదంటే దానికి కారణం ఉంది. నీ చూపంతా ఎప్పుడూ మంచం మీదే ఉండేది. నేను పండక్కి వచ్చి రెండు రోజులు కూర్చునేదాన్ని, నాకు కిటికీ చూసే తీరిక ఉండేది. అత్తయ్యకి కనిపించింది అదే.

నీ వంతు ఇప్పుడు వచ్చింది. పూసినన్నాళ్ళు అక్కడే ఉంచుకుని చూడు. రాలాక పంపు, నేను ఆకులు పెంచుతాను. తోటకూరలా. మళ్ళీ జూలైలో శాలువా చుట్టి పైకి పంపుతాను.

వదిన

పుజొన్
12 ఫిబ్రవరి 1995

వదినా,

మొక్క రేపటి లారీలో వస్తోంది. కాడ కొయ్యలేదు, ఇంకా పచ్చగానే ఉంది. నీ శాలువాయే చుట్టాను.

కిందటేడు నువ్వు మూడు ప్రశ్నలడిగావు, రెండింటికే జవాబు రాశాను. అమ్మ ఉన్నప్పుడు ఏటా ఎన్ని పువ్వులు పూసేవని నువ్వు మళ్ళీ మళ్ళీ అడిగావు. దాచాననుకున్నావు. దాచలేదు వదినా, నాకు తెలీదు. అది రాయడానికి సిగ్గేసి ఆపిల్ మచ్చల గురించి రాశాను.

ఈ ఏడాదివి చెబుతాను, రాసుకో. అయిదు. అన్నిటికంటే కిందిది నీ దగ్గర విచ్చింది, అది జనవరి పదకొండున రాలింది. మూడోదాని ఎడమ రెక్క మీద చిన్న మడత ఉండేది, అది చివరిదాకా విడలేదు. నాలుగోది వాన జల్లుకి ఒక పక్క మచ్చపడింది. అయిదోది నిన్న పొద్దున, నేను అన్నం వారుస్తుండగా రాలింది. గిన్నె దించి అక్కడే నిలబడి చూశాను.

రెత్నో